పెనుగంచిప్రోలు బిడ్డ కొమర్రాజు: చరిత్ర విద్యార్థులకు చూపిన బాట

పెనుగంచిప్రోలు: మునేటి ఒడ్డున ఉన్న ఈ ఊరి పేరు చెప్పగానే అందరికీ తిరుపతమ్మ తల్లి తిరునాళ్ళు గుర్తుకొస్తాయి. ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి మొక్కులు చెల్లించుకొని పోతారు. అయితే ఇదే ఊళ్ళో 1877 మే 18న పుట్టిన ఒక బిడ్డ, తెలుగువారు తమ చరిత్రను తమ భాషలోనే చదువుకొనే యోగం కలిగించాడన్న సంగతి ఈ చుట్టుపక్కల చాలామందికి తెలియదు. ఆయనే కీర్తిశేషులు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు పంతులు గారు.

కాలేజీలో చరిత్ర చదివే పిల్లలు రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు బట్టీ పట్టి పరీక్ష గట్టెక్కితే చాలనుకొంటున్నారు. నిజానికి చరిత్ర విద్యార్థికి రెండు పనులు చేతకావాలి. ఆధారం ఎక్కడుందో వెతికి దానిని సరిగా చదవడం మొదటిది. తెలుసుకొన్నదానిని నలుగురికీ అర్థమయ్యేలా చెప్పడం రెండోది. మొదటిది లేనివాడు చెప్పేది పుక్కిటి పురాణం అవుతుంది. రెండోది లేనివాడి పాండిత్యం పెట్టెలో పెట్టి తాళం వేసిన ధాన్యంలా ఎవరి కడుపూ నింపదు. ఈ రెండు పనులనూ జోడెడ్లలా ఒకే కాడికి కట్టి నడిపించినవారు లక్ష్మణరావు గారు.

నాగపూరులో చదువు

మూడేళ్ళ పసితనంలోనే తండ్రి వెంకటప్పయ్య గారు కాలం చేశారు. అక్క భండారు అచ్చమాంబ, బావ మాధవరావు గార్ల అండన పెరిగారు. బావగారి ఉద్యోగం మధ్యపరగణాలలో కావడంతో చదువు నాగపూరులో సాగింది. అక్కడ మరాఠీ భాష తెలుగంత సొంతమైంది. మరాఠీ పత్రికలకు వ్యాసాలు రాసేటంతటి పట్టు సంపాదించారు.

ఆ రోజుల్లో మహారాష్ట్రలో చరిత్ర మీద పెద్ద కదలిక ఉంది. పాతకాలపు ఇళ్ళలో, అటకల మీద, చెదలు పడుతున్న కాగితాలను రాజవాడే వంటివారు ఊరూరా తిరిగి సేకరించి, 1898 నుంచి అచ్చు వేయించసాగారు. తమ చరిత్రకు ఆధారాలు తామే వెతుక్కోవాలన్న పట్టుదల అక్కడి చదువుకొన్నవారిలో కనిపించేది. ఆ గాలి పీల్చి పెరిగిన లక్ష్మణరావు గారు తెలుగులో శివాజీ చరిత్ర రాశారు. 1900లో బి.ఏ., 1902లో ప్రైవేటుగా కలకత్తా విశ్వవిద్యాలయం ఎం.ఏ. పూర్తి చేశారు.

ఇంట్లో అక్కగారిదీ ఇదే బాట. బడికి పోయే భాగ్యం లేని అచ్చమాంబ గారు తమ్ముడు చదువుకొనేటప్పుడు పక్కన కూర్చొని అక్షరాలు నేర్చారు. ఆ తర్వాత అనేక ప్రాంతాలు తిరిగి, స్త్రీల జీవిత విశేషాలు సేకరించి, అబలా సచ్చరిత్ర రత్నమాల అనే గ్రంథం రాశారు. 1905లో చిన్న వయసులోనే ఆమె కన్నుమూశారు. చరిత్ర రాయడానికి పట్టా కన్న పట్టుదల ముఖ్యమని ఆమె జీవితమే చెబుతున్నది.

గ్రంథాలయంతో మొదలు

చదువు ముగిశాక లక్ష్మణరావు గారు మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారి కొలువులో చేరి దివానుగా పనిచేశారు. మునగాల పరగణా అప్పట్లో కృష్ణా జిల్లాలోది. చుట్టూ నిజాం రాజ్యం. ఇప్పుడది తెలంగాణలో సూర్యాపేట జిల్లాలో ఉంది. సంస్థానం దివాను అంటే పాత లెక్కలు, సనదులు, దావా కాగితాలు తిరగేయడం నిత్యకృత్యం. ఏ కాగితాన్ని నమ్మవచ్చు, దేనిని నమ్మకూడదు అని తేల్చుకొనే అలవాటు చరిత్రకారుడికీ అక్కరకు వచ్చేదే.

రాజా వారి సాయంతో, రావిచెట్టు రంగారావు గారి వంటి మిత్రుల తోడ్పాటుతో 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వెలసింది. రంగారావు గారి ఇల్లే దానికి మొదటి నీడ. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఏర్పడింది. పైస్థాయి చదువు, కచేరీ వ్యవహారం తెలుగులో లేని నిజాం రాజ్యంలో ఈ గ్రంథాలయాలు ఎంత మేలు చేశాయో వేరే చెప్పనక్కరలేదు. చదివే జనం లేకపోతే రాసిన చరిత్ర ఎవరికోసం? అందుకే పంతులు గారు ముందు పుస్తకాలున్న చోటును తయారు చేశారు.

తరువాతి మెట్టు పుస్తకాల ప్రచురణ. 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని స్థాపించారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు, రావిచెట్టు రంగారావు గార్లు తోడు నిలిచారు. గాడిచర్ల వారు రాసిన అబ్రహాము లింకను చరిత్ర మొదటి పుస్తకంగా వచ్చింది. 1908లో మండలి మద్రాసుకు మారింది. చరిత్రలతో పాటు జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, అర్థశాస్త్రం వంటి విషయాలను కూడా తెలుగులోకి తెచ్చారు. చారిత్రక నవలలకు పోటీలు పెట్టి బహుమతులిచ్చారు.

పంతులు గారు స్వయంగా హిందూదేశ చరిత్రను హిందూ మహాయుగము మొదలుకొని వరుసగా రాశారు. తెలుగువారి చరిత్రను మాత్రం చిలుకూరి వీరభద్రరావు గారి చేత రాయించారు. ఆంధ్రుల చరిత్రము మొదటి భాగం 1910లో వెలువడింది. తనకు పేరు రావాలనే యావ ఉన్నవారు ఇంతటి పనిని మరొకరి చేతిలో పెట్టరు. ఈ సంగతి ముఖ్యంగా గమనించదగినది.

ఒక్క అక్షరం మీద మూడు సంపుటాలు

మద్రాసులో పంతులు గారు తలకెత్తుకొన్న భారం ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం. ప్రపంచంలోని సకల విషయాలను అకారాది క్రమంలో తెలుగులో చెప్పాలన్నది సంకల్పం. ఆచంట లక్ష్మీపతి, గాడిచర్ల, రాయప్రోలు సుబ్బారావు, మల్లంపల్లి సోమశేఖరశర్మ గార్ల వంటివారు ఆ పనిలో చేయి వేశారు. మూడు సంపుటాలు అచ్చయ్యాయి. మూడూ కలిసినా అ అనే అక్షరం దాటలేదు. ఆధారం చూడనిదే వాక్యం రాయకూడదని పట్టుబడితే పని అలాగే సాగుతుంది.

మద్రాసులో వారి ఇల్లు రచయితలకు, పరిశోధకులకు సత్రంగా ఉండేది. కందుకూరి వీరేశలింగం పంతులు గారు 1919 మే 27న కన్నుమూసింది ఆ ఇంట్లోనే.

సర్వస్వం పూర్తి కాకుండానే 1923 జూలైలో, 46 ఏళ్ళ వయసులో, లక్ష్మణరావు గారు మద్రాసులో కీర్తిశేషులయ్యారు. తరువాత 1930లలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు ఆ సర్వస్వాన్ని మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. పుస్తకం ఆగినా మనుషులు ఆగలేదు. మల్లంపల్లి వారు డిగ్రీ లేకుండానే శాసన పరిశోధనలో అందెవేసిన చేయి అయ్యారు. రెడ్డి రాజ్యాల చరిత్రను ఇంగ్లీషులో రాయగా 1948లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ప్రచురించింది. హైదరాబాదులో ఆదిరాజు వీరభద్రరావు గారు మొదలైనవారు పంతులు గారి పేరనే లక్ష్మణరాయ పరిశోధక మండలిని నడిపి, ఊరూరా శాసనాల నకళ్ళు సేకరించి, 1935లో తెలంగాణా శాసనములు ప్రచురించారు. పంతులు గారు వదిలిపోయిన అసలు ఆస్తి ఇదే.

నేటి విద్యార్థి చేయదగినది

ఆ తరం వారు చేసిన పని మన పిల్లలకు అసాధ్యమేమీ కాదు. శాసనం నకలు తీయడం చూచి నేర్చుకోవలసిన పని. ముందు రాతిని మెత్తని కుచ్చుతో, నీళ్ళతో శుభ్రం చేస్తారు. తడిపిన కాగితాన్ని రాతికి అంటించి, అక్షరాల గుంటల్లోకి దిగేలా బ్రష్షుతో మెల్లగా తట్టుతారు. కాస్త ఆరాక సిరా అద్దిన గుడ్డ బంతితో పైపైన ఒత్తుతారు. మెరక భాగం నల్లగా, గుంటలోని అక్షరం తెల్లగా తేలుతుంది. ఇది తెలిసినవారి పర్యవేక్షణలోనే చేయాలి. ఒంటరిగా పోయిన విద్యార్థి ఏటవాలు వెలుతురులో ఫొటో తీసి, రాయి ఎక్కడుంది, ఎంత పొడవు, ఎన్ని పంక్తులు అని రాసుకొంటే చాలు.

తేదీ తేల్చడమూ అభ్యాసంతో వచ్చేదే. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. శకం 1000 అని ఉంటే 1078 ప్రాంతమని అర్థం. ప్రభవాది పేర్లు 60 ఏళ్ళకు ఒకసారి తిరిగి వస్తాయి కనుక, ఒక్క పేరును పట్టుకొని తేదీ చెప్పరాదు. కొన్ని శాసనాలలో అంకెలకు బదులు మాటలుంటాయి. నేత్రాలంటే 2, వేదాలంటే 4. మొదట చెప్పింది ఒకట్ల స్థానం కనుక ఆ అంకెలను కుడి నుంచి ఎడమకు వేసుకోవాలి. తిథి, వారం, గ్రహణం ఉంటే పాత పంచాంగ గణితంతో సరిచూడాలి.

ఊళ్ళో పెద్దల మాటలు కూడా ఆధారమే. అయితే ఎవరు చెప్పారు, వారికి ఎవరు చెప్పారు అన్నది రాసుకోవాలి. మరో ఊరి వారి మాటతో, కాగితంతో, రాతితో సరిపోల్చాలి. సరిపోలనిదానిని సరిపోలలేదనే రాయాలి గాని, మన ఊరి గొప్ప కోసం అతుకులు వేయకూడదు.

ఇంతటితో సగం పనే అయినట్లు. తెలుసుకొన్నది రచ్చబండ దగ్గర, బడిలో, గ్రంథాలయంలో చెప్పడం మిగతా సగం. ఇది కాలక్షేపం పని కాదు. అక్షరాలున్న రాళ్ళను తూముకు, అరుగుకు వేసేస్తున్నారు. జీర్ణోద్ధరణ పేరుతో గుడి శాసనాల మీద సున్నం, రంగులు పూస్తున్నారు. ఇది ద్రోహబుద్ధితో చేసేది కాదు. ఆ గీతలేమిటో చెప్పినవారు లేకపోవడం వల్ల జరిగేది. తమ ఊరి చెరువును ఎవరు తవ్వించారో, మాన్యాన్ని ఎవరు ఇచ్చారో ఆ రాతి మీద ఉందని తెలిస్తే, ఊరివారే దానికి కాపలా కాస్తారు. ఏ చట్టమూ అంత కాపలా కాయలేదు.

ఈ ప్రాంతపు కళాశాలల చరిత్ర శాఖలు ఏడాదికి ఒక్క ఊరు తీసుకొని, విద్యార్థులను పంపి, వారు సేకరించినది ఆ ఊరి గ్రంథాలయంలో చదివి వినిపిస్తే పెద్ద ఖర్చు కాదు. కొత్తగా కనిపించిన శాసనం సంగతి పురావస్తు శాఖకు తెలియజేయాలి. పెనుగంచిప్రోలులో పుట్టిన పంతులు గారి పనిని ఇలా కొనసాగించడానికి, పెనుగంచిప్రోలు నుంచే మొదలుపెడితే అంతకన్న కావలసింది ఏముంది?