కాళ్లు కోల్పోయాక సర్జన్ అయిన డాక్టర్ మేరీ వర్గీస్

1954 జనవరిలో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి చెందిన కొందరు యువ డాక్టర్లు షికారుకు బయలుదేరారు. దారిలో వారి వాహనం బోల్తా పడింది. అందులో ఉన్న 28 ఏళ్ల మేరీ వర్గీస్ ముఖానికి తీవ్ర గాయాలయ్యాయి, వెన్నుపాము దెబ్బతింది. నడుము కింది భాగంలో కదలిక, స్పర్శ రెండూ పోయాయి. నిన్నటి దాకా డాక్టరుగా తిరిగిన ఆసుపత్రిలోనే ఆమె రోగిగా మంచం పట్టారు.

మేరీ 1925లో కొచ్చి ప్రాంతంలోని చెరాయిలో, సిరియన్ క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. స్త్రీవ్యాధుల నిపుణురాలు కావాలనుకున్నారు. ఆ దారి ఒక్క రోజులో మూసుకుపోయింది.

తర్వాతి నెలలు ఆపరేషన్లతో, నొప్పితో గడిచాయి. పక్కమీద ఒత్తిగిలాలన్నా ఇంకొకరి సాయం కావాలి. మొదట్లో ఆమె ప్రార్థన కాళ్ల కోసమే. విశ్వాసులకు ఇది కఠినమైన ఘట్టం. అడిగింది దొరకనప్పుడు దేవుణ్ణి నిందించడమో, తన నమ్మకంలోనే లోపముందని కుమిలిపోవడమో జరుగుతుంది. మేరీ ప్రార్థన మానలేదు, అడిగేది మారింది. నడిపించమని అడిగిన ఆమె, మిగిలిన శరీరాన్ని, ముఖ్యంగా చేతులను, సేవకు వాడుకోమని అడగడం మొదలుపెట్టారు. ఈ మార్పు ఒక్క రాత్రిలో వచ్చింది కాదు.

ఆ చేతులకు పని చూపించింది డాక్టర్ పాల్ బ్రాండ్. మిషనరీ దంపతుల కొడుకుగా తమిళనాడులోని కొల్లి కొండల్లో పుట్టిన ఈ బ్రిటిష్ సర్జన్, వేలూరులో కుష్ఠు రోగుల చేతులను సరిచేసే ఆపరేషన్లు చేసేవారు. కుష్ఠు నరాలను దెబ్బతీస్తే చేతికి స్పర్శ పోతుంది, వేళ్లు గోళ్లలా వంగిపోతాయి. బలంగా ఉన్న కండరపు టెండన్‌ను మళ్లించి వేళ్లకు కలిపితే అవి మళ్లీ పట్టు సాధిస్తాయి. ఈ శస్త్రచికిత్సను కూర్చుని చేయవచ్చు. అందుకే బ్రాండ్ మేరీని ఇందులోకి రమ్మన్నారు. ఆమె చక్రాల కుర్చీలో ఆపరేషన్ థియేటర్లోకి వెళ్లి సర్జన్ అయ్యారు.

కుష్ఠు రోగికి చేతిలో నిప్పు పడినా తెలియదు. మేరీకి కాలికి పుండు పడినా తెలియదు. స్పర్శ లేని శరీరాన్ని రోజూ కళ్లతో చూసుకుని కాపాడుకోవాలన్న సంగతి ఆమెకూ, ఆమె రోగులకూ ఒకేలా తెలుసు. చెంప మీద మచ్చతో, కుర్చీలో కూర్చుని తమ చేతులు పట్టుకున్న డాక్టరును చూస్తే వారికి కలిగే ధైర్యం వేరు.

అయితే ఆపరేషన్ అయ్యాక రోగి మళ్లీ బతుకు ఎలా సాగించాలన్న ప్రశ్న మిగిలే ఉంది. దానికి జవాబు వెతుకుతూ ఆమె దేశం దాటారు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో తన పనులు తానే చేసుకునే శిక్షణ పొందారు. తర్వాత న్యూయార్క్‌లో డాక్టర్ హోవర్డ్ రస్క్ నడిపే సంస్థలో పునరావాస వైద్యం చదివారు. తిరిగి వచ్చి వేలూరులో ఆ విభాగానికి సారథ్యం వహించారు. 1966లో అక్కడ పునరావాస సంస్థ ప్రారంభమైంది. వెన్నుపాము దెబ్బతిన్నవారు అక్కడే ఉంటూ కుర్చీలోకి మారడం, పుండ్లు పడకుండా చూసుకోవడం, ఏదో ఒక పనితో సంపాదించుకోవడం నేర్చుకునేవారు. దేశంలో ఈ తరహా సంస్థల్లో ఇది తొలితరానిది. ఇప్పుడు దానికి ఆమె పేరే ఉంది.

1972లో ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. 1986 డిసెంబరులో మరణించే దాకా, అంటే ప్రమాదం తర్వాత దాదాపు 33 ఏళ్లు, ఆమె ఒక్కసారి కూడా మామూలుగా నడవలేదు.

చిత్తూరు జిల్లా నుంచి, ఇంకా దూరం నుంచి తెలుగువారు వైద్యం కోసం నేటికీ వేలూరు వెళ్తుంటారు. కొందరు పూర్తిగా నయమై వస్తారు. కొందరికి అది సాధ్యం కాదు. వైద్యం ఆగిన చోట కోలుకోవడం ఆగనక్కర్లేదని ఆ రెండోవారికి మేరీ జీవితం చెబుతుంది. విశ్వాసం ఆమెకు కాళ్లను తిరిగి ఇవ్వలేదు. కాళ్లు లేకుండా ప్రతి ఉదయం పనిలోకి దిగే ఓర్పును మాత్రం 30 ఏళ్లకు పైగా ఇస్తూనే వచ్చింది.