ఎండల దేశంలో మంచు జాడ పట్టినవాడు

కల్లాల్లో మిర్చి గలగలమని ఎండే రోజుల్లో తుళ్లూరు వేడి ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఇలాంటి దేశంలో సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట చాలా ప్రాంతాలు మంచు కింద ఉండేవంటే నమ్ముతారా? 1856లో చాలామంది నమ్మలేదు. అయినా ఆ దారిలో మొదటి అడుగు వేసినవారిలో విలియం థామస్ బ్లాన్‌ఫోర్డ్ ఒకరు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు కూడా నిండలేదు.

వ్యాపారం వదిలి రాళ్ల వైపు

బ్లాన్‌ఫోర్డ్ 1832లో లండన్‌లో పుట్టారు. తండ్రికి చెక్కపని, బంగారు పూత పనుల కార్ఖానా ఉండేది. కొడుకూ అందులోకే రావాలి. ఇటలీలో రెండేళ్లు ఒక వ్యాపార సంస్థలో పనిచేసి తిరిగొచ్చాక, తమ్ముడు హెన్రీని చూసి మనసు మార్చుకున్నారు. గనుల కాలేజీలో చేరారు. 1855లో అన్నదమ్ములిద్దరూ భారత భూవిజ్ఞాన సర్వే ఉద్యోగులుగా కలకత్తాలో దిగారు. మొదటి పని ఒడిశాలోని తాల్చేర్ బొగ్గు క్షేత్రం.

నది చేయలేని పని

అక్కడ బొగ్గు పొరల కింద ఒక వింత కనిపించింది. మెత్తని ఒండ్రులాంటి రాయిలో పెద్ద పెద్ద బండలు ఇరుక్కుని ఉన్నాయి. ఇందులో వింతేముంది అంటారా? ఒకసారి రాయపూడి దగ్గర కృష్ణ ఒడ్డుకు వెళ్లి చూడండి. నది దేన్నైనా వేరుచేస్తుంది. ఇసుక ఒకచోట, గులకరాళ్లు ఒకచోట, బురద ఇంకోచోట. బండను దొర్లించేంత వడి ఉన్న నీళ్లలో సన్నటి బురద నిలవదు. మరి రెండూ కలిసి ఎలా వచ్చాయి? మంచు మోసుకొస్తేనే కుదురుతుందని అన్నదమ్ములు, వారితో ఉన్న థియోబాల్డ్ తేల్చారు.

వేడి దేశంలో మంచేమిటని శాస్త్రవేత్తలు సందేహించారు. గట్టి సాక్ష్యం ఇంకా దొరకలేదు మరి.

పదహారేళ్లకు దొరికిన గీతలు

ఆ సాక్ష్యం 1872లో దొరికింది. మన ఆదిలాబాద్ సరిహద్దులో పారే పెన్‌గంగ ఒడ్డున, చంద్రాపూర్‌కు దగ్గర్లోని ఇరాయి ఊరి వద్ద ఫెడెన్ అనే సర్వే అధికారి దాన్ని చూశారు. అక్కడి సున్నపురాయి బండ నున్నగా అరిగి ఉంది, దాని మీద గీతలున్నాయి. పైనున్న రాళ్ల మీదా గీతలే.

ఈ గీతలు ఎలా పడతాయి? కదిలే మంచు తన అడుగున రాళ్లను బిగించి ఈడ్చుకుపోతుంది. ఉప్పు కాగితంతో చెక్కను రుద్దినట్టే. అయితే గీత కనపడగానే మంచు అనేయకూడదు. భూమి పొరలు ఒకదాని మీద ఒకటి జారినా గీతలు పడతాయి. అందుకే కలగలిసిన బండలు, వాటి మీద గీతలు, కింది బండ మీద ఒకే దిశలో గీతలు, ఈ మూడూ ఒకేచోట ఉన్నాయా అని చూస్తారు.

బ్లాన్‌ఫోర్డ్ ఊహ అంతా నిలిచిందనీ కాదు. నీళ్లలో తేలే మంచు పని అని ఆయన మొదట అనుకున్నారు. నేల మీద కదిలిన హిమానీనదాల పాత్ర పెద్దదని తర్వాత తేలింది. అప్పట్లో భారత్ దక్షిణ ధ్రువం వైపు ఉండేదన్నది ఇంకా తర్వాత తెలిసింది.

గోదావరికీ వచ్చారు

ఈ పొరల వరస తెలిస్తే బొగ్గు కోసం ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. 1871లో ఆయన ఏలూరు, రాజమహేంద్రవరం వైపు ఇసుకరాళ్లు పరిశీలించి, బొగ్గు ఉండే అవకాశం గురించి రాశారు. అదే రోజుల్లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనుగొన్నారు. సింగరేణి కథ అక్కడే మొదలైంది.

1879లో మెడ్లికాట్‌తో కలిసి భారత భూవిజ్ఞానంపై గ్రంథం తెచ్చారు. 1883లో ఆయనకు వొలాస్టన్ పతకం వచ్చింది. 1905లో లండన్‌లో కన్నుమూశారు.

మీరూ ఈ దారిలోకి రావాలంటే

ఇంటర్‌లో సైన్స్ చదివి, డిగ్రీలో జియాలజీ తీసుకోవచ్చు. ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో ఎమ్మెస్సీ ఉంది. అది పూర్తిచేస్తే యూపీఎస్సీ నిర్వహించే కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష రాసి, బ్లాన్‌ఫోర్డ్ పనిచేసిన సర్వేలోనే చేరొచ్చు. పరీక్షకు పుస్తకాలు చాలు. ఉద్యోగానికి మాత్రం కాళ్లకు నడక, కళ్లకు ఓపిక కావాలి. సెలవు రోజున కృష్ణ ఒడ్డు నుంచే మొదలుపెట్టండి. ఏ రాయి ఎక్కడ, ఎలా ఉందో రాసుకోండి. అది అక్కడికి ఎలా వచ్చిందో ఆ తర్వాత ఆలోచించండి.