మారుతి ఇంజిన్‌తో రేసు నేర్పిన కరి

* షోలవరం స్వర్ణయుగంలో మెరిసిన కోయంబత్తూరు తెలుగు బిడ్డ
* తాను గెలవడం కంటే పదిమందిని ట్రాక్‌ ఎక్కించడమే ఆశయం
* నలభై ఏళ్లకే విమాన ప్రమాదంలో దుర్మరణం

ధర్మపురి: సేలం వైపు నుంచి తొప్పూరు ఘాట్‌ ఎక్కి వచ్చే లారీల రొద.. హోసూరు వైపు దూసుకెళ్లే బైకుల చప్పుడు.. మన హైవేకి రాత్రీ పగలూ తేడా లేదు. ఈ రోడ్డు మీదే కుర్రకారు పందెం వేసుకుని బండ్లు తోలుతుంటే కన్నవాళ్ల గుండెలు గుప్పిట్లో ఉంటాయి. వేగం మీద మోజు ఈనాటిది కాదు. మన నాన్నల కాలంలోనూ ఉంది. కాకపోతే దానికి అప్పట్లో ఓ చోటు ఉండేది. దాని పేరు షోలవరం. ఆ షోలవరం పేరెత్తితే తప్పకుండా గుర్తొచ్చే మనిషి ఎస్‌.కరివర్ధన్‌. రేసు ప్రపంచంలో అందరికీ ఆయన 'కరి'. తమిళనాడులో స్థిరపడిన తెలుగువాళ్లలో ఈ తరం పిల్లలకు అంతగా తెలియని పేరు. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఓసారి అడిగి చూడండి.

రన్‌వే మీద పందేలు

మద్రాసు నుంచి నెల్లూరు వెళ్లే దారిలో రెడ్‌హిల్స్‌ దాటాక వస్తుంది షోలవరం. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అక్కడుంది. యుద్ధం ముగిశాక దాని మీద కార్లూ బైకులూ పరుగెత్తాయి. 1953లో ఏర్పడిన మద్రాస్‌ మోటార్‌ స్పోర్ట్స్‌ క్లబ్‌ ఈ పోటీలను ఏటా పండగలా నిర్వహించింది. దక్షిణాదిలో బండి పిచ్చి ఉన్నవాళ్లంతా అక్కడికి కదిలేవాళ్లు. ఎండ మండిపోతున్నా, దుమ్ము కళ్లలో పడుతున్నా జనం కదిలేవాళ్లు కాదు. టూ స్ట్రోక్‌ పొగ వాసన చొక్కాలకు పట్టి ఇంటిదాకా వచ్చేది.

డ్రాగ్‌ రేసు అంటే మరేం లేదు. రెండు బండ్లను పక్కపక్కన నిలబెడతారు. సైగ చేయగానే తిన్నగా దూకాలి. దూరం పావు మైలు, అంటే 402 మీటర్లు. ముందు దాటినవాడిదే గెలుపు. షోలవరంలో పేరు మోసినవి మాత్రం మలుపులు పెట్టి చుట్టూ తిరిగే రేసులు. అయితేనేం, రన్‌వే రన్‌వేయే. విమానం పైకి లేవడానికి వేసిన తిన్నని దారి అది. ఇంజిన్‌లో ఎంత సత్తా ఉందో అక్కడ ఇట్టే తేలిపోయేది. మలుపు దగ్గర బ్రేకు ఎవరు ఆలస్యంగా వేస్తారో చూడ్డానికి జనం ఊపిరి బిగబట్టేవాళ్లు.

ఆ సందడిలో మన ప్రాంతానికీ వాటా ఉంది. హోసూరులో టీవీఎస్‌ మోపెడ్ల ఫ్యాక్టరీ వచ్చింది, 1980లో టీవీఎస్‌ 50 రోడ్డెక్కింది. 1982లో ఆ కంపెనీ సొంతంగా రేసింగ్‌ జట్టు పెట్టింది. అప్పటికి హోసూరు మన ధర్మపురి జిల్లాలోనే ఉంది. 2004 ఫిబ్రవరిలో కృష్ణగిరి జిల్లా విడిపోయేదాకా అంతే. పాల క్యాన్లు మోసే బండి తయారైన ఊరి పేరు రేసు ట్రాక్‌ మీద కూడా వినిపించిందన్నమాట.

మిల్లు ఇంటి బిడ్డ

కరివర్ధన్‌ 1954లో కోయంబత్తూరులో పుట్టారు. తండ్రి సుందరం. విజయనగర రాజుల కాలం నుంచీ కొంగునాడుకు వలస వచ్చి, పత్తి పండించి, ఆ తర్వాత మిల్లులు పెట్టిన తెలుగు నాయుళ్ల కుటుంబాల్లో వారిదొకటి. కుప్పుస్వామి నాయుడు 1910లో మొదలుపెట్టిన లక్ష్మీ మిల్స్‌ ఆ ఇంటిదే.

కోయంబత్తూరు గాలిలోనే యంత్రాల పిచ్చి ఉంది. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒకే ఒక్క బస్సు తిప్పి, తర్వాత పెద్ద రవాణా సంస్థను నిలబెట్టిన జి.డి.నాయుడు ఆ ఊరివారే. వీధికో లేత్‌, పేటకో ఫౌండ్రీ. పంపుసెట్టు మోటారు విప్పి బిగించడం అక్కడి పిల్లలకు ఆట. అలాంటి ఊళ్లో, అలాంటి ఇంట్లో పుట్టిన కుర్రాడికి కార్ల మీద మనసు పోవడంలో వింత లేదు. ఆ మనసును ఆయన ఎటు తిప్పారన్నదే చెప్పుకోవాల్సిన సంగతి.

డబ్బున్నోళ్ల ఆట

ఆ కాలంలో రేసంటే డబ్బున్నోళ్ల ఆట. గోండల్‌ యువరాజు లాంటి రాచబిడ్డలు విదేశీ కార్లతో వచ్చేవారు. 1980ల మొదట్లో విజయ్‌ మాల్యా ఏకంగా ఒకప్పటి ఫార్ములా వన్‌ ఎన్‌సైన్‌ కారునే షోలవరంలో నడిపారు. అవి కనిపిస్తే చాలు, జనం లేచి నిలబడేవాళ్లు. మామూలోళ్ల సంగతి వేరు. దిగుమతి సుంకాలు ఆకాశంలో, లైసెన్సులు ఢిల్లీలో. చేతికందేవి ఫియట్‌, అంబాసిడర్‌, హెరాల్డ్‌.. అంతే. వాటి ఇంజిన్లే విప్పి, కోసి, అతికించి, షెడ్డులో సొంతంగా కార్లు కట్టుకుని వచ్చేవాళ్లు. సగం బండ్లు మధ్యలోనే ఆగిపోయినా మళ్లీ ఏడాది మళ్లీ వచ్చేవాళ్లు.

కరి అనుకుంటే మొదటి వరసలో నిలబడగలిగిన మనిషి. కలిగిన కుటుంబం, పరిచయాలూ ఉన్నాయి. తానూ స్టీరింగ్‌ పట్టారు, రేసులు చేశారు. కానీ ఆయన కన్ను వేరేచోట పడింది. పందెంలో గెలుస్తున్నది డ్రైవరా, డబ్బా? ఒకడిది పాత ఫియట్‌, ఇంకొకడిది విదేశీ కారు అయితే తొక్కేవాడి సత్తా ఎలా తెలుస్తుంది? అందరికీ ఒకేలాంటి కారు ఇస్తే తప్ప ఈ దేశంలో రేసర్‌ పుట్టడన్నది ఆయన గ్రహింపు.

చిన్న ఇంజిన్‌.. పెద్ద ఆలోచన

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. మూడు సిలిండర్లు, 796 సీసీ. సంసారం చేసుకునే కారు. శక్తి నలభై హార్స్‌పవర్‌ లోపే. దాన్ని చూసి రేసు కారు ఊహించడం ఎవరి వల్లా కాదు. కరి ఊహించారు.

లెక్క తేలికే. మామూలు మారుతి బరువు ఆరువందల కిలోల పైమాటే. తలుపులు, పైకప్పు, వెనక సీటు, డిక్కీ తీసేస్తే? ఇనుప గొట్టాలతో సన్నటి చట్రం కట్టి, ఒక్క మనిషి మాత్రమే కూర్చునేలా చేసి, ఇంజిన్‌ను అతని వీపు వెనక బిగిస్తే? అదే ఇంజిన్‌ ఇప్పుడు మోయాల్సిన బరువు బాగా తగ్గుతుంది. పరుగు దానంతటదే పెరుగుతుంది. పైగా విడిభాగాలు ఏ ఊరి దుకాణంలోనైనా దొరుకుతాయి. చెడిపోతే మన మెకానిక్కే బాగుచేస్తాడు. విదేశం నుంచి ఓడలో రావాల్సిన పనిలేదు.

అలా 1980ల చివర్లో వచ్చిందే ఫార్ములా మారుతి. నేలకు ఆనుకున్నట్టుండే ఒంటి సీటు కారు. బయటికి కనిపించే నాలుగు చక్రాలు. చూడ్డానికి ఫార్ములా వన్‌కు తమ్ముడిలా ఉండేది. పోటీలో అందరి కార్లూ ఒకే రకం. ఇక సాకులు చెల్లవు. మలుపు ఎలా తీసుకోవాలి, ముందున్న వాడిని ఎక్కడ దాటాలి, టైరును చివరిదాకా ఎలా కాపాడుకోవాలి.. నేర్చుకున్నవాడిదే గెలుపు. రాజుగారి ఆట బడిగా మారింది.

ట్రాక్‌ మారింది.. మనిషి పోయారు

1990లో శ్రీపెరంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్‌ క్లబ్‌ సొంత ట్రాక్‌ కట్టుకుంది. పొడవు 3.7 కిలోమీటర్లు. పెద్ద పోటీలన్నీ అక్కడికి తరలాయి. షోలవరం సందడి తగ్గిపోయింది. రేసులు వెళ్లిన చోటికే కరి కార్లూ వెళ్లాయి. కోయంబత్తూరు కుర్రాడు, ర్యాలీల్లో పేరు మోసిన జి.ఆర్‌.కార్తికేయన్‌ కొడుకు నరేన్‌ తొలి అడుగులు వేసింది ఫార్ములా మారుతిలోనే.

1995 ఆగస్టు 24. కరివర్ధన్‌ విమాన ప్రమాదంలో చనిపోయారు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు. చేతిలో ఎన్నో పనులు, తల నిండా ఎన్నో బొమ్మలు ఉన్న వయసు. ఏళ్లకేళ్లు ప్రమాదాల అంచున బతికే ఆటలో ఉన్న మనిషిని ట్రాక్‌ ఏమీ చేయలేదు. ఆకాశం తీసుకెళ్లింది.

దాదాపు పదేళ్లకు, 2005 మార్చిలో, ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో నరేన్‌ కార్తికేయన్‌ జోర్డాన్‌ కారులో కూర్చున్నారు. ఫార్ములా వన్‌ రేసులో పాల్గొన్న తొలి భారతీయుడయ్యారు. అదే ఏడాది జూన్‌లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో నాలుగో స్థానం సాధించారు. టైర్ల గొడవతో ఆ రోజు ఆరు కార్లే పోటీపడ్డాయన్నది నిజమే. అయినా ఈ నేల మీద నుంచి ఒకడు అక్కడిదాకా వెళ్లాడన్నదీ నిజమే. అది చూడ్డానికి కరి లేరు.

పేరు మిగిలింది

కరి పేరు మాత్రం చెరిగిపోలేదు. మాజీ రేసర్‌ బి.విజయ్‌కుమార్‌ కోయంబత్తూరు శివార్లలోని చెట్టిపాళయంలో 2003లో 2.1 కిలోమీటర్ల ట్రాక్‌ తెరిచారు. దానికి పెట్టిన పేరు కరి మోటార్‌ స్పీడ్‌వే. ఒంటి సీటు కార్ల పోటీలు అక్కడా జరిగాయి. అందరికీ ఒకేలాంటి కారు, మన దేశపు ఇంజిన్‌ అన్న కరి సూత్రం ఆయన తర్వాత వచ్చిన ఫార్ములా ఎల్‌జీబీ కార్లలోనూ కొనసాగింది.

డ్రాగ్‌ రేసుల మోజూ పోలేదు. బైకుల జాతీయ డ్రాగ్‌ పోటీలు ఇరుంగాట్టుకోట్టైలో జరిగాయి. అక్కడ దిగాలంటే లైసెన్సు ఉండాలి. బండిని తనిఖీ చేస్తారు. హెల్మెట్‌, తోలు సూటు లేకుండా గీత దగ్గరికే రానివ్వరు. పక్కనే అంబులెన్సు ఉంటుంది. ఎదురుగా లారీ రాదు.

హైవే మీద పందెం కాసే మన పిల్లలకు చెప్పాల్సింది ఇదే. వేగం తప్పు కాదు. కరికి వేగమంటే ప్రాణం. దాని కోసం ఆయన రోడ్డు మీదికి రాలేదు. షెడ్డులో కూర్చుని గొట్టాలు కోశారు, చట్రాలు కట్టారు, ట్రాక్‌కు వెళ్లారు, తన వెంట పదిమందిని తీసుకెళ్లారు. మన ధర్మపురి నుంచి చెట్టిపాళయానికి బస్సులో అరపూట ప్రయాణం. సెలవు రోజున పిల్లల్ని ఓసారి తీసుకెళ్లి చూపించండి. గేటు మీద ఉన్న ఆ పేరు ఎవరిదని అడుగుతారు. చెప్పడానికి మన దగ్గర ఓ కథ ఉంది.