గోల్కొండ చెరసాలలో రామదాసు

క్రీస్తు శకము 17వ శతాబ్దిలో గోల్కొండ కుతుబ్ షాహీల కొలువున పాల్వంచ పరగణాకు తహసీలుదారుగా నుండినవాడు కంచర్ల గోపన్న. తండ్రి లింగమంత్రి. స్వగ్రామము నేడు ఖమ్మం జిల్లాలో నున్న నేలకొండపల్లి. లోకము ఆయనను భద్రాచల రామదాసని యెఱుగును.

గోదావరి యొడ్డున భద్రగిరిపై పోకల దమ్మక్క యను భక్తురాలు పందిరి క్రింద సేవించుచుండిన సీతారాములకు గోపన్న ఆలయము కట్టించెను. నగలు చేయించెను. ప్రజలిచ్చిన విరాళములు చాలక, ఖజానాకు చేరవలసిన శిస్తు సొమ్మును గూడ వెచ్చించెను. అది ఆరు లక్షల వరహాలని ప్రతీతి. సర్కారు కొలువున నున్నవారికి తరువాతి కథ వేఱుగ చెప్పనక్కఱలేదు. వ్యయము సత్కార్యమునకే యైనను, మంజూరు లేనిచో అది బాకీయే.

గోపన్నను గోల్కొండ కోటలో బంధించిరి. చెర పండ్రెండేండ్లని జనశ్రుతి. తానీషా యేలుబడి 1672 నుండి 1687 వఱకే గనుక ఆ లెక్క కుదురుట కొంత కష్టమే. కాని కొరడా దెబ్బలు తినువానికి ఏండ్ల లెక్కతో పనియేమి? ఆయనకు మేనమామలని చెప్పబడు అక్కన్న మాదన్నలు అదే ప్రభుత్వమున సర్వాధికారులు. వారి పలుకుబడియు అక్కఱకు రాలేదు. ఎవని కొఱకు గుడి కట్టెనో వాడును పలుకలేదు. దేవుని సేవయే దండనకు హేతువైనప్పుడు మనుజుడు దేనిని పట్టుకొని నిలువవలెను?

గోపన్న మౌనముగ నోర్చుకొన్నవాడు కాడు. రామునితో తగవులాడెను. ఆయన కీర్తనలలో ఒకటి అచ్చముగ జమాఖర్చు చిట్టాయే: సీతమ్మ పతకమునకు పదివేల వరహాలు, తమ్ములలో ఎవరికే నగ చేయించినది, అన్నియు వరుసగ ఎత్తి చూపి, ఇన్ని ధరించి కులుకుచున్నది ఎవరి సొమ్మని నిలదీసెను. అంతలో నాలుక కఱచుకొని, బాధ కోర్వలేక తిట్టితినని క్షమాపణ వేడెను. మఱియొకచో సీతమ్మను ఆశ్రయించి, ఏకాంతవేళ భర్తకు తనమాట చెప్పుమని సిఫారసు కోరెను. ఇది అవిశ్వాసమనుట పొరపాటు. వినువాడు లేడనుకొన్నవాడు లెక్క అప్పగింపడు. ఆయన అర్జీ సుల్తానునకు గాక రామునికే పోయినది. తీర్పు ఆయనదే యని గోపన్న యెఱుగును.

తుదకు విడుదల కలిగెను. రామలక్ష్మణులే సేవకుల వేషమున వచ్చి, రాత్రివేళ తానీషాకు పైకము చెల్లించి రసీదు పొందిరని భక్తుల నమ్మకము. పిమ్మట గోల్కొండకే కష్టకాలము దాపురించెను. 1686లో అక్కన్న మాదన్నలు హతులైరి. 1687లో కోట ఔరంగజేబు వశమయ్యెను. తానీషా దౌలతాబాదు కోటలో బందీయై అక్కడనే కన్నుమూసెను.

గోల్కొండలో రామదాసు చెరసాలగా చూపు చీకటిగది యొకటి నేటికిని కలదు. గోడపై సీతారామలక్ష్మణుల, హనుమంతుని రూపములున్నవి. అవి ఆయన చెక్కినవే యని యాత్రికులు చేతులు జోడించుచుందురు.