రక్తంలో లెక్క చూసిన మన యల్లాప్రగడ

మన సంఘం ఆరోగ్య ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు కోరారు. షుగరు వ్యాధి గురించి వైద్యులు ఎలాగూ రాస్తారు. ఇంట్లో గ్లూకోమీటరు పెట్టుకుని వేలు గుచ్చుకునే మనబోటి పెన్షనర్లు ఒకసారి తలచుకోవలసిన తెలుగువాని జీవితం నేను రాస్తున్నాను. ఆయన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. చిన్నతనంలో చదువు మీద ధ్యాస తక్కువ. కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు గడించాలని ఇల్లు వదిలితే పెద్దలు వెనక్కు తీసుకొచ్చారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో గాంధీగారి పిలుపు విని ఖద్దరు గౌను తొడుక్కున్నందుకు ఆంగ్లేయ ప్రొఫెసరుకు కోపం వచ్చింది. దాంతో ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. స్ప్రూ అనే తగ్గని విరేచనాల జబ్బు ఆయన సోదరులిద్దరిని పొట్టన పెట్టుకుంది. ఆ దుఃఖం ఆయనను జీవితాంతం వదలలేదు.

మామగారి సాయంతోను, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతోను అమెరికా వెళ్లి, బోస్టన్ నగరంలో హార్వర్డు విశ్వవిద్యాలయంలో చేరారు. రాత్రుళ్లు ఆసుపత్రిలో చిన్న పనులు చేసి పొట్ట పోసుకున్నారు. భార్య శేషగిరమ్మ గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన తిరిగి రానే లేదు.

హార్వర్డులో జీవరసాయన శాఖకు అప్పుడు ఆటో ఫోలిన్ గారు అధిపతి. రక్తంలో చక్కెర కొలిచే పద్ధతిని ఆయన, చైనా దేశస్థుడైన వూ గారితో కలిసి 1920లో ప్రకటించారు. రక్తంలోని మాంసకృత్తులు తీసివేసి, మిగిలిన ద్రవాన్ని రాగి ద్రావణంతో కాచి, మాలిబ్డినం మందు కలిపితే నీలిరంగు తేలుతుంది. ఆ రంగు ఎంత చిక్కగా ఉంటే చక్కెర అంత ఎక్కువ. ఆసుపత్రి లాబొరేటరీలు దశాబ్దాల పాటు ఈ పద్ధతిని వాడాయి.

అదే శాఖలో సుబ్బారావు గారు సైరస్ ఫిస్క్ గారితో కలిసి, అటువంటి నీలిరంగుతోనే రక్తంలోను, మూత్రంలోను ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. అంత సూక్ష్మంగా కొలవడం చేతనైనందువల్లనే 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టి.పి. వారి కంటపడ్డాయి. జర్మనీలో లోమన్ గారు కూడా అదే ఏడాది ఏ.టి.పి.ని కనుగొన్నారు. మనం తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలో కలుస్తుంది. అది కండలోకి చేరి, దాని శక్తి ఏ.టి.పి. రూపంలోకి వస్తేనే మనకు కాలు కదిలేది. షుగరు వ్యాధిలో ఆ సరుకు ఇంటికి చేరక బజారులోనే నిలిచిపోతుంది. మీటరు మనకు చూపించేది ఆ నిలవనే.

1940లో ఆయన లెడర్లీ కంపెనీ పరిశోధనాలయానికి మారారు. ఆయన నాయకత్వంలో 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేశారు. సోదరులను పోగొట్టిన స్ప్రూకు అది మందుగా పనికివచ్చింది. బోదకాలుకు హెట్రజాన్, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్, పిల్లల రక్త క్యాన్సరుపై వాడిన అమినాప్టెరిన్ కూడా అక్కడి నుంచే వచ్చాయి. ఇంత చేసి, 1948 ఆగస్టులో 53 ఏళ్లకే కన్నుమూశారు. పేరు కోసం ఆయన ముందుకు రాలేదు. 1995లో శతజయంతికి మన ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసింది.

ఈ జీవితం నుంచి నేను గ్రహించింది ఒకటే. ముందు సరిగా కొలవాలి, తరువాతే నిర్ణయం. నేనూ షుగరు ఉన్నవాడినే. మీటరులో అంకె చూసి మరిచిపోతే అది పోస్టింగు వేయని వోచరు వంటిది. తేదీ, వేళ, భోజనానికి ముందా తరువాతా అన్నది నోటుబుక్కులో రాసి డాక్టరు గారికి చూపించాలి. ఒక్క అంకె చూసి మాత్రలు మనంతట మనం మార్చకూడదు. మన తిరువూరులో మామిడి కాలం వస్తే పండు కోసిన చేత్తోనే వేలు గుచ్చుకుంటారు. పండురసం అంటిన వేలు లేని చక్కెరను చూపిస్తుంది. సబ్బుతో కడిగి, పొడిగా తుడుచుకోవాలి. స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే బిగించాలి, గడువు తేదీ చూడాలి.

పెద్ద అంకెకే కాదు, చిన్న అంకెకూ భయపడాలి. 70 కన్నా తగ్గితే, స్పృహలో ఉన్నవారికి మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఈ మాట మీ ఇంట్లో ఆడవాళ్లకు, మనుమలకు కూడా తప్పక చెప్పి ఉంచండి. ఆ వేళకు చెప్పుకునే స్థితిలో మనం ఉండకపోవచ్చు.