తాళం తీపిచ్చిన గుర్రాలు

నువ్వు పిచ్చోనివి కాదని రుజువు చేసుకొమ్మంటే ఏం చేస్తవు తమ్మీ? గట్టిగ మాట్లాడితే చూసిండ్రా ఎట్ల అరుస్తుండో అంటరు. సప్పుడు చెయ్యకుంటే లోకంల లేడంటరు. ఏడిస్తే ఇగ చెప్పేదే లేదు. 1899ల ప్యారిస్ పక్కపొంటి నూయీ అనే ఊర్ల ఒక మనిషిని గిట్లనే ఒక దవాఖానల పెట్టి తాళమేసిండ్రు. ఆయన ఎవ్వలతోని వాదం పెట్టుకోలే. రంగు పెన్సిళ్లు పట్టుకొని సర్కస్ గుర్రాలు గీసుకుంట కూసున్నడు.

ఆయన పేరు ఆన్రీ ద తులూజ్ లోత్రెక్.

నేను ఆయన బొమ్మలు మొదలు చూసింది హైదరాబాద్ ఆబిడ్స్‌ల, ఐతారం నాడు ఫుట్‌పాత్ మీద పోసే పాత పుస్తకాల కుప్పల. అట్ట ఊడిపోయిన పుస్తకం. బొమ్మల కింద ఏం రాసిండ్రో నాకు తెల్వలే. ఒక్క బొమ్మ కాడ చెయ్యి ఆగింది. గుర్రం, దాని మీద ఆడమనిషి, గుండ్రటి కట్ట, కట్ట ఎనుక వరుసకు వరుస సీట్లు. ఆ సీట్లల్ల ఒక్క పురుగు లేదు. సర్కస్‌కు మంది రాలేదు కావచ్చు అనుకున్న. అసలు సంగతి తెలిసేటాలకు చానా ఏండ్లు పట్టింది.

లోత్రెక్ మనలెక్క కైకిలి చేసుకొని బతికినోళ్ల ఇంట్ల పుట్టలే. దక్షిణ ఫ్రాన్స్‌ల అల్బీ అనే పట్నంల, 1864 నవంబర్ 24న, పాత రాచ కుటుంబంల పుట్టిండు. నాయిన అల్ఫోన్స్‌కు గుర్రాలు, వేట, డేగలు తప్ప ఇంకో ధ్యాస లేదు. అమ్మ అదెల్. ఈ ఆలుమగల తల్లులు ఇద్దరు సొంత అక్కచెల్లెండ్లు. మన వరుసల అయితే వాళ్లు అన్నచెల్లెండ్లు కావాలె. ఆ పెద్దిండ్లల్ల అది మామూలే. పోరనికి ఎముకలు బోలు ఉండుడు ఆ రక్తసంబంధంతోనే వచ్చిందని చానామంది అంటరు. 1878ల, 13 ఏండ్లప్పుడు, కుర్చీల నుంచి లేవబోయి పడ్డడు. ఎడమ తొడ ఎముక ఇరిగింది. మరుసటి ఏడు చిన్న గుంటల పడితే కుడిది ఇరిగింది. ఆడికెళ్లి కాళ్లు పెరగలే. పైన మొగోని ఒళ్లు, కింద పిల్లగాని కాళ్లు. ఐదడుగులు దాటలే.

గుర్రాల మీద బతికే నాయినకు గుర్రమెక్కలేని కొడుకు. ఆ ఇంట్ల అది ఎంత కొట్లాటో, ఎంత మౌనమో మనం అనుకోవాల్సిందే.

ఇక్కడ ఒక మనిషిని యాది చెయ్యాలె. రెనే ప్రెన్‌స్తో. లోత్రెక్‌కు బొమ్మలు నేర్పిన మొదటి గురువు, నాయిన సోపతిగాడు. ఆయనకు పుట్టుకనుంచే చెవులు వినపడవు, మాట రాదు. గుర్రాల బొమ్మలు గీసుడుల పేరున్నోడు. ఆయననే ఈ పోరణ్ని ప్యారిస్‌ల ఫెర్నాండో సర్కస్‌కు తోలుకపోయిండు. ఒకలకు చెవులు లేవు, ఇంకొకలకు కాళ్లు లేవు. ఇద్దరు ముందు వరుసల కూసోని గుర్రాల ఉరుకుడు చూస్తున్నరు. నాకైతే లోత్రెక్ బతుకంత ఆ సీటు కాడ్నే మొదలైందనిపిస్తది.

సర్కస్ రింగు గుండ్రంగ ఎందుకుంటదో తెలుసా? 18వ శతాబ్దంల ఇంగ్లండ్‌ల ఫిలిప్ ఆస్ట్లీ అని గుర్రపుదళంల చేసిన సిపాయి ఉండె. గుర్రం గుండ్రంగ ఉరికితే దాని వీపు మీద నిలబడుడు అలకగైతదని కనిపెట్టిండు. రింగు ఈ కట్ట కాడికెళ్లి ఆ కట్టకు 42 అడుగులు. ఆ కొలతే లోకమంత పాకింది. బండి మీద మూల తిప్పేటప్పుడు మనం లోపలి దిక్కు ఒరగమా, అట్లనే గుర్రం ఒరుగుతది, మీదున్న పిల్ల ఒరుగుతది. కాలు జారకుండ గుర్రం వీపుకు గుగ్గిలం లాంటి జిగురుపొడి రుద్దేటోళ్లు. గుర్రం ఒక్క తీరుగ ఉరకాలె. ఒక్క అడుగు తప్పిందా, పిల్ల కిందనే. నడుమ కొరడా పట్టుకొని రింగు మాస్టర్. చూసేటోళ్లకు తమాషా, చేసేటోళ్లకు కూలి.

గా పనిని లోత్రెక్ పట్టుకున్నడు. ఆయనకంటె ముందు ఇంప్రెషనిస్టులు సుత సర్కస్‌ను గీసిండ్రు. అదే ఫెర్నాండోల పండ్లతోని తాడు కరిచి పైకి పోయే మిస్ లాలాను 1879ల దెగా గీసిండు. అదే ఏడు రెన్వార్ ఇద్దరు చిన్న పిల్లల్ని గీసిండు, ముద్దుగ, చేతులల్ల నారింజపండ్లతోని. లోత్రెక్ వాళ్ల తర్వాతి తరం. 1887, 88ల ఆయన గీసిన పెద్ద బొమ్మ ఇప్పుడు చికాగోల ఉన్నది. దాంట్ల గుర్రం ఎనుక భాగమే బొమ్మల సగం ఆక్రమించింది. పిల్ల మెడ తిప్పి మాస్టర్ దిక్కు చూస్తది, మాస్టర్ కొరడతోని ముందుకొస్తడు. ముద్దు లేదు. ఎవలు ఎవలికి భయపడుతున్నరో మాత్రం కనపడతది. 1889ల మూలా రూజ్ అనే నాట్యశాల తెరిస్తే దాని దర్వాజ కాడ ఈ బొమ్మనే ఏలాడదీసిండ్రు.

సుజాన్ వలదోన్ ముచ్చట సుత చెప్పాలె. బట్టలుతికే తల్లికి పుట్టిన పిల్ల. చిన్న వయసుల సర్కస్‌ల చేసి, కింద పడి ఆ పని పోయింది. బొమ్మలు గీసేటోళ్ల ముందట కూసునే కొలువుల చేరింది. లోత్రెక్ ఆమెను గీసిండు. ఆమె వాళ్లను చూసి తానే గీసుడు నేర్సుకొని పేరుమోసిన చిత్రకారిణి అయింది. బడికి పోక నేర్సుకున్న మనిషిని కాబట్టి నాకామె మీద జెర పావురం ఎక్కువ.

1891ల మూలా రూజ్‌కు గీసిన పోస్టర్ ప్యారిస్ గోడల మీద పడంగనే లోత్రెక్ పేరు ఊరంత అయింది. దాని ఎంబడి తాగుడు. నడిచే కట్టెను సుత బోలుగ చేపిచ్చి దాంట్ల మందు దాసుకునేటోడు. మీదికెళ్లి సుఖరోగం. 1899 మొదట్ల లేనివి కనపడుడు మొదలైంది. ఇంటోళ్లు నూయీల డాక్టర్ సెమలేన్య దవాఖానల పెట్టిండ్రు. ఇగ పేపర్లు ఊకుంటయా? ఈని బొమ్మలే పిచ్చి బొమ్మలు, ముందే తెలుసు అన్న తీరుగ రాసిండ్రు.

ఉన్నదున్నట్టు చెప్పుకోవాలె. ఆ దవాఖాన పెద్ద తోట నడుమ మేడలెక్క ఉండె. పైసలున్నోళ్లకే ఆ గది. లోపలికి కాయితాలు, రంగులు వచ్చినయి, సోపతిగాండ్లు వచ్చిండ్రు. నా చిన్నతనంల మా ఊర్ల ఒకాయనను కొట్టంల గొలుసుతోని కట్టేసిండ్రు. మంచిగ డప్పు కొట్టేటోడు. ఎవ్వలు ఆయన చేతికి డప్పు ఇయ్యలే. నేను సుత ఇయ్యలే, దూరం నుంచి చూసి ఉరికొచ్చిన. లోత్రెక్ కథ చదివినప్పుడల్ల ఆయన యాదికొస్తడు.

తాగుడు ఆగిపోయి ఒళ్లు తేరుకున్నంక లోత్రెక్‌కు ఒకటి అర్థమైంది. డాక్టర్లు చూసేది తన యాదిని, చేతి వణుకుడును. అందుకే ముందట ఏ గుర్రం లేకుండ, ఏ నమూనా లేకుండ, ఏండ్ల కింద చూసిన సర్కస్‌ను గీసిండు. అన్ని కలిపి 39 బొమ్మలు. ముందటి కాళ్లు లేపి నిటారుగ నిలబడ్డ గుర్రం. కాళ్లు చాపి స్పానిష్ నడక నడిచే గుర్రం. పొట్టి గుర్రం, దాని ఎంబడి కోతి. ఏనుగు, జోకర్లు, తాడు మీద పిల్ల. కాలి కండ యాడ ఉబ్బుతదో, కళ్లెం ఎంత గుంజితే మెడ ఎంత వంగుతదో మరిచిపోలే. కొన్నిట్ల గుర్రం మరీ పెద్దగ, మనిషి మరీ పిడికెడంతగ ఉంటడు. అది తప్పో, కావాలని చేసిందో అని పెద్దోళ్లు కొట్లాడుకుంటరు. నాకైతే కింద కూసోని చూసినోని కంటికి గుర్రం గట్లనే కనపడతది.

ఇగ ఆ ఖాళీ సీట్లు. చప్పట్లు లేవు, నవ్వులు లేవు. పని చేసేటోళ్లు, కొరడా పట్టినోడు, జానవర్లు, అంతే. బయటి లోకం తనను చూడొస్తలేదన్న మాట ఆ సీట్లల్ల ఉన్నదని నా లెక్క.

ఆర్సెన్ అలెక్సాండ్ర్ అనే విలేకరి దవాఖానకు పోయి చూసొచ్చి, మనిషి మంచిగున్నడని పేపర్ల రాసిండు. లోత్రెక్ ఆయనకు ఒక సర్కస్ బొమ్మ ఇచ్చి, దాని మీద తన ఖైదుకు గుర్తు అని రాసిండు. డాక్టర్లు ఒకటికి రెండుసార్లు పరీక్ష చేసిండ్రు. 1899 మేల బయటికి ఇడిసిండ్రు, ఎంబడి కావలి మనిషిని పెట్టి. తన బొమ్మలతోనే ఇడుదల కొనుక్కున్న అని ఆయన చెప్పుకునేటోడట. కొనుక్కున్నది ఎక్కువ రోజులు నిలవలే. మళ్ల తాగిండు. 1901 సెప్టెంబర్ 9న మాల్రొమేల అమ్మ ఇంట్ల పానం పోయింది. 36 ఏండ్లు.

సోపతిగాడు మోరీస్ జ్వాయాఁ ఆ బొమ్మల్ల 22 ఏరి 1905ల అచ్చేపిచ్చిండు. మిగిలిన 17 బయటికి రావాల్నంటే 1932 దాక ఆగాల్సొచ్చింది. అల్బీల ఆయన పేరు మీద మ్యూజియం 1922ల తెరిచిండ్రు. సర్కస్ బొమ్మలు మాత్రం ఒక్క కాడ లేవు, తలా ఒక దిక్కు పోయినయి. స్పానిష్ నడక న్యూయార్క్‌ల ఉన్నది, పొట్టి గుర్రం, కోతి చికాగోల ఉన్నయి. ఫోన్ల దొరుకుతయి, పెద్దగ చేసుకొని చూడుండ్రి. ముందుగాల గుర్రాన్ని కాదు, దాని ఎనుక సీట్లను చూడుండ్రి.