జేమ్స్ పార్కిన్సన్

నందికొండకు చేరువలోని నల్లమల అడవులలో దూలగొండి అనే తీగ పెరుగుతుంది. దాని కాయల మీది నూగు తగిలితే ఒళ్లంతా దురదే. అయినా ఆ గింజలను ఆయుర్వేద వైద్యులు కంపవాతానికి ఔషధంగా వాడారు. కాళ్లూ చేతులూ తమంత తామే వణికే ఆ వ్యాధి నేడు ఒక ఆంగ్ల వైద్యుని పేరుతో లోకానికి తెలుసు. ఆయనే జేమ్స్ పార్కిన్సన్.

పార్కిన్సన్ 1755 ఏప్రిల్ 11న లండన్ శివారులోని హాక్స్‌టన్‌లో జన్మించారు. తండ్రి వలెనే వైద్యవృత్తిని చేపట్టి, అక్కడి ప్రజలకు సేవచేశారు. పేదల పక్షం వహించి, ఓల్డ్ హ్యూబర్ట్ అనే మారుపేరుతో పాలకులను విమర్శిస్తూ కరపత్రాలు రాశారు. రాజును చంపడానికి కుట్ర పన్నారన్న ఆరోపణపై మిత్రులు నిర్బంధానికి గురికాగా, తనకూ ముప్పు పొంచి ఉన్నదని తెలిసీ 1794లో ప్రివీ కౌన్సిల్ ఎదుట సాక్ష్యం చెప్పారు. శిలాజాల అధ్యయనంలోనూ పేరుపొంది, 1807లో లండన్ భూవిజ్ఞాన సంఘ స్థాపకులలో ఒకరయ్యారు.

అయితే ఆయనను చిరస్మరణీయుని చేసింది 1817లో వెలువరించిన ఒక చిన్న గ్రంథం. అందులో వర్ణించినది ఆరుగురు రోగులనే. వారిలో కొందరు వీధిలో తారసపడినవారు. ఒకరిని దూరం నుంచి మాత్రమే చూశారు. విశ్రాంతిలోనూ ఆగని చేతి వణుకు, ముందుకు వంగిన శరీరం, నడవబోతే పరుగుగా మారే అడుగులు ఒకే వ్యాధి లక్షణాలని ఆయన గుర్తించారు. వ్యాధి మూలం మెడ దగ్గరి వెన్నుపాములో ఉండవచ్చునని భావించారు. అది ఊహ మాత్రమేనని దాచక చెప్పి, నిజాన్ని తేల్చవలసిందిగా తోటి వైద్యులను కోరారు. 1824 డిసెంబరు 21న కన్నుమూశారు. తరువాతి కాలంలో ఫ్రెంచి వైద్యుడు షార్కో ఆ వ్యాధికి ఆయన పేరే పెట్టారు.

ఆయన ఊహ తప్పింది. కోరిక మాత్రం ఫలించింది. మెదడులోని నాడీకణాలు రసాయన దూతల ద్వారా ఒకదానికొకటి వార్తలు పంపుకొంటాయి. వాటిలో డోపమైన్ అనేది కదలికలను క్రమబద్ధం చేస్తుంది. సర్పగంధి నుంచి తీసిన రిసర్పిన్ అనే మందుతో చలనం కోల్పోయిన జంతువులు, ఎల్-డోపా ఇవ్వగానే తిరిగి కదలడాన్ని 1957లో స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్‌సన్ నిరూపించారు. ఎల్-డోపా మెదడులో డోపమైన్‌గా మారుతుంది. ఈ వ్యాధితో మరణించినవారి మెదళ్లలో డోపమైన్ బాగా తగ్గి ఉన్నదని 1960లో వియన్నా శాస్త్రవేత్తలు వెల్లడించారు. ఆ దూత కొరవడితే వణుకు, బిగుసుకుపోవడం; మందు మోతాదు మించితే అదుపులేని కదలికలు. దూలగొండి గింజలలో ఉన్నదీ ఎల్-డోపాయే. దామోదరన్, రామస్వామి అనే భారతీయ శాస్త్రవేత్తలు 1937లోనే దానిని ఆ గింజల నుంచి వేరుచేశారు. అయితే ఈ మందు బాధను తగ్గిస్తుందే గాని వ్యాధిని సమూలంగా నిర్మూలించలేదు.

వ్యాధి కారణం తెలియకపోయినా పార్కిన్సన్ రోగిని శ్రద్ధగా చూడడం మానలేదు. తెలిసినదానిని స్పష్టంగా రాసి, తెలియనిదానిని తరువాతివారికి అప్పగించారు. వీధిలో వణుకుతూ సాగిపోయే ఒక అపరిచితుని కోసం ఆగి చూసిన ఆ చూపే నేటి చికిత్సకు తొలి మెట్టు.